ఊదు వేయని నిప్పులు

మద్రాసు నుంచి వచ్చిన పొడుగు కవరును ఇమాం హుస్సేన్ గోడగూట్లో ఖురాన్ పక్కన పెట్టి, "ఇంక ఈ ఇంట్లో ఆ సంగతి ఎవురూ ఎత్తొద్దండి" అని తువ్వాలు దులుపుకుని బయటికి పోయిన చోట పోయిన వారం ఆగాము. ఆ కవరులో ఉన్నది కొడుకు రహంతుల్లాకు సీటు దొరికిందన్న కబురు. పెద్ద హోటళ్ళకు వంటవాళ్ళను తయారుచేసే బడి అది, మూడేండ్ల చదువు. ఎస్సెస్సెల్సీ పాసై, రెండేండ్లుగా తండ్రి వెంట పెండ్లి వంటలకు తిరుగుతున్న ఇరవై ఏండ్లవాడు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టుకున్నాడు. సోమవారం పొద్దుటికి మొదటి కంతు రెండు నూర్ల యాభై రూపాయలు కట్టి హాజరు కావాలి. అంటే శనివారం గుంతకల్లులో రైలెక్కాలి. ఆదివారమేమో వజ్రకరూరులో బాలప్ప కొడుకు పెండ్లి విందు, అయిదు నూర్ల మందికి మాంసం భోజనం. ఆ వంట ఒప్పుకున్నది ఇమాం హుస్సేన్. బయానా తీసుకోవడమూ అయింది, అది జొన్నలై ఇంటికి రావడమూ అయింది.

తండ్రికీ కొడుక్కీ నడుమ నాలుగు దినాలుగా మాటల్లేవు. వాళ్ళిద్దరి మధ్య తల్లి జైతూన్ బీ అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతూ ఉంది.

ఆ బేస్తవారం ఆమె మామగారి బర్సీ. ఆయన పోయి ఆ రోజుకు పదకొండేండ్లు. ఉరవకొండలో ఇప్పటికీ ముసలివాళ్ళు ఆయనను పెద్ద ఉస్తాదు అనే అంటారు. ఏటా ఆ రోజు బెల్లమన్నం వండి, ఆయన పేర ఫాతెహా ఓదించి, నలుగురికీ పెట్టడం ఆ ఇంటి ఆచారం. ఫాతెహా కాకముందు ఆ వంటను ఎవరూ నోట పెట్టరు, ఉప్పు కారమైనా చూడరు. అది అందరి ఇళ్ళలోనూ ఉండేదే. పెద్ద ఉస్తాదు మాత్రం ఆ నియమాన్ని పెండ్లి వంటలకు కూడా తెచ్చిపెట్టాడు. "తినేవానికి నాలుక, వండేవానికి ముక్కు" అనేవాడు. ఎంత పెద్ద దేగైనా సరే, మూత తీసి, అరచేత్తో ఆవిరిని ముక్కువైపు తోసుకుని, "ఇంకొక దోసెడు ఉప్పు" అనేవాడు. అంతే, సరిపోయేది. ఆ విద్య ఇమాం హుస్సేన్‌కు దక్కింది. గరిటె నాకి రుచి చూసే వంటవాణ్ణి ఆ ఇంట్లో ఎంగిలివాడనేవాళ్ళు.

రెండేండ్లుగా వానల్లేవు. ఎండిన వంకలో చెలమ తోడి, రెండు బిందెల నీళ్ళకు మూడు గడియలు కాచుకుని జైతూన్ బీ ఇంటికొచ్చేసరికి పెరట్లో పెద్ద గొంతులు వినిపించాయి. గుంతకల్లు నుంచి ఆమె అన్న అబ్దుల్ గఫూర్ దిగాడు. స్టేషన్ భోజనశాలలో ఇరవై రెండేండ్లుగా ప్లేట్లు మోసిన మనిషి. నులకమంచం మీద కూర్చుని, బెల్లమన్నం ఎక్కించిన మూడు రాళ్ళ పొయ్యి ముందు గొంతుక్కూర్చున్న చెల్లెలి మొగుడితో వాదిస్తున్నాడు.

"నా జీతమెంతో తెలుసునా బావా? ఎనభై అయిదు. ఇరవై రెండేండ్లకు! పోయినేడు ఒక పిల్లోడు వచ్చినాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. ఇట్లాంటి బడిలోనే చదివినాడంట. వచ్చిన నాడే నూట డెబ్బై. వాడు కుర్చీలో కూర్చుంటాడు, నేను నిలబడి సార్ అంటాను."

"అయితే నీకు కుర్చీ ల్యాకపోయెనని నా కొడుకును పంపమంటావా?" ఇమాం హుస్సేన్ కందికంప ఇంకొకటి పొయ్యిలోకి తోశాడు. "వంట బడిలో నేర్చుకునేదా బావా? రేపు అమ్మ దగ్గర పాలు తాగేదానికి కూడా బడి పెడతారు."

"నవ్వులు కాదప్పా."

"నవ్వుతాండానా? ఏడాదికి ఏడు నూర్లు. మూడేండ్లకు ఎంత? ఈ కరువులో నాకు ఏడాదికి పది పెండ్లిండ్లు దొరికితే ఎక్కువ. ఇంట్లో ఉండేది ఒక్క పెద్ద దేగు. దాన్ని తూకానికి అమ్మితే నాలుగు నూర్లు. ఒక ఏడాదికే చాలదు. అమ్మినాక నేను దేంట్లో వండల్ల, నెత్తి మీద టోపీలోనా?"

జైతూన్ బీ బిందెలు దించి గోడకు ఆనుకుని నిలబడింది. దేగు మాట వచ్చేసరికి ఆమె చూపు తనకు తెలియకుండానే సావడిలోకి పోయింది. బోర్లించిన రాగి దేగు అంచున మామగారి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆ దేగులో దూరి కూర్చుని తోమేది.

"అన్నా, నిజం చెప్పు," అంది. "ఆ బడిలో పాసైనోళ్ళందరికీ కుర్చీలు దొరుకుతాయా?"

గఫూర్ అబద్ధం చెప్పే మనిషి కాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అందరికీ దొరకవమ్మా. నాకు తెలిసినోడు ఒకడు మూడేండ్లూ చదివి, ఆ మసాలాల పేర్లన్నీ ఇంగ్లీషులో నేర్చుకుని, ఆఖరికి బళ్ళారి దావలో టీ అంగడి పెట్టినాడు. చదవకపోయినా పెట్టేటోడే. దొరికినోళ్ళకు మాత్రం బతుకు మారిపోతాది. నూటికి ఎంతమందో నేను చెప్పలేను. మనోని చేయి మంచిది, ఆ మాట చెప్తా."

"చేయి మంచిది కాబట్టే ఇక్కడుండల్ల," అన్నాడు ఇమాం హుస్సేన్. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంకొకటుండాది. ఆడ పంది మాంసం వండిస్తారంట. సారా కలిపి పులుసులు చేయిస్తారంట. రేపు అల్లా ముందర నేనేం చెప్పల్ల?"

"నేను ఇరవై రెండేండ్లు మోసినా బావా. తిన్లేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని నమాజు చేసినా."

"నువ్వు మోసినావు. వాడు వండల్ల. గరిటె పెట్టి రుచి చూడమంటే ఏం చేస్తాడు?"

దేవుడు అడిగేది చేతినా, నోటినా, మనసునా అని జైతూన్ బీ ఆలోచించింది. ఆమెకు తేలలేదు. ఆకలితో ఉన్న ఇంటికి ఆయన ఈ లెక్క ఎట్లా వేస్తాడో అడిగి చెప్పేవాళ్ళెవరు?

"వాని ఖర్చులో సగం నేను పెట్టుకుంటా," అన్నాడు గఫూర్ చివరికి.

"నా కొడుకును నువ్వు చదివిస్తావా?" ఇమాం హుస్సేన్ ముఖం జేవురించింది. "నేనింకా బతికే ఉండా బావా!"

గఫూర్ చెప్పులు తొడుక్కుని మసీదుకు పోయాడు. జైతూన్ బీ చీపురు తీసుకుని వీధివాకిలికి వచ్చింది. రహంతుల్లా ఇంట్లో లేడు. ఫాతెహా ఓదే హజరత్‌ను పిలుచుకుని రావడానికి పోయాడు. ఊడ్చింది పట్టుమని పది బారలు కూడా లేదు, పక్కింటి హనుమంతమ్మ గోడ మీదుగా తల పెట్టింది.

"జైతూనక్కా, ఏమో మాడుతాండాది! మీ ఇంట్లోనే కదా! ఉస్తాదు ఇంట్లోనే మాడితే ఇంక మా ఇండ్లల్లో ఏంకానుమ్మా?"

అప్పుడే ఆమెకూ తగిలింది. బెల్లం మాడిన చేదువాసన వీధి దాకా వచ్చింది. చీపురు పారేసి పెరట్లోకి పరుగెత్తింది.

ఇమాం హుస్సేన్ పొయ్యికి మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. కుడిచేత్తో తస్బీ పూసలు తిప్పుతూ, ఎడమచేత్తో మూత ఎత్తాడు. అరచేత్తో ఆవిరిని ముక్కువైపు తోసుకున్నాడు, ఒకసారి, రెండుసార్లు. తండ్రి చేసినట్టే కళ్ళు అరమోడ్చి తల ఊపాడు.

"బాగుండాది," అన్నాడు. "ఇంకొక్క పొంగు రావల్ల."

జైతూన్ బీ వంగి మంట లాగి పక్కన పడేసింది.

"ఏంటికి తీస్తాండావ్?"

"కంప అయిపోతాండాది," అంది. ఎందుకట్లా అందో ఆమెకే తెలియదు. అలకతో పట్టించుకోలేదేమో అనుకోవడానికి చూసింది. ముప్ఫై ఏండ్లలో ఈయన పొయ్యి మీద ఏదీ మాడలేదు. మాడిపోయిన అన్నం ముందు ఈయన నోట 'బాగుండాది' అన్న మాట ఎప్పుడూ రాలేదు. పెండ్లి పందిట్లో నిలబడి, మూడిండ్ల అవతల కాగుతున్న నెయ్యి పాతదని చెప్పిన మనిషి ఈయన.

పైపై అన్నం వేరే గిన్నెలోకి తీసి, అడుగున నల్లగా అంటుకున్నదాని మీద నీళ్ళు పోసి మూలకు జరిపింది. ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. అయినా సాంబ్రాణి ఊదు వేసే గిన్నె తీసుకుని అందులో నిప్పులు వేసింది. ఊదు పొట్లం విప్పలేదు.

ఇమాం హుస్సేన్ అప్పటికి కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపల చాప మీద గూటివైపు తిరిగి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆమె గిన్నెను అతని వెనకాల పెట్టింది. వట్టి నిప్పుల చిటపట తప్ప ఏమీ లేదు.

"ఊదు వేసినా. సరిపోయినాదా చూడు," అంది.

ఆయన ఛాతీ నిండా ఊపిరి పీల్చాడు. "సరిపోయింది. ఇల్లంతా నిండింది. అల్‌హందులిల్లా."

జైతూన్ బీ అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. కొంగుముడి విప్పి, అందులోని ఊదు పొట్లం తీసి అతని ఒళ్ళో పెట్టింది. ఇమాం హుస్సేన్ కళ్ళు తెరిచి పొట్లం చూశాడు. కట్టిన దారం కూడా విప్పలేదు. తిరిగి నిప్పుల గిన్నె చూశాడు. ఆ తర్వాత ఆమె ముఖం చూడలేదు.

"ఎప్పటినుంచి?" అంది.

ఆయన పొట్లాన్ని వేళ్ళతో తడుముతూ చెప్పాడు. "పోయిన రంజాను ముందర జ్వరం వచ్చినాది కదా. లేచి కూర్చున్న నాడు నువ్వు ఊదు వేస్తివి. పొగ కనపడింది. వాసన రాలేదు. రేపొస్తాదిలే అనుకుంటి. మర్నాడు అనుకుంటి."

"ఏడాది పైనాయె! మరి ఈ పెండ్లిండ్లన్నీ ఎట్ల చేసినావయ్యా?"

"వాడుండాడు కదా." గూటివైపు చూస్తూనే మాట్లాడుతున్నాడు. "నేను మూత తీస్తాను. ఆవిరి తోసుకుంటాను. పక్కన వాడు 'నాయనా, అగ్గి చూడల్లా?' అంటే ఉప్పు తక్కువని. 'నీళ్ళు తేవల్లా?' అంటే సరిపోయిందని. గొంతు సవరించుకుంటే మంట తీయల్ల."

"మీరిద్దరూ అనుకున్నారా ఇట్లని?"

"లేదు. ఒక్కనాడూ అనుకోలేదు. వాడు అడగలేదు, నేను చెప్పలేదు. మొదటిసారి గుత్తిలో ఉప్పు తెలీక నేను బెప్పరపడి నిలబడితే, వాడు ఆ మాట అన్నాడు. నాకు అర్థమాయె. వానికీ అర్థమాయె."

జైతూన్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగు దినాలుగా ఈయన చెప్పిన కారణాలన్నీ ఆమె చెవుల్లో మళ్ళీ మోగాయి. ఏడు నూర్లు. దేగు. పంది మాంసం. అవన్నీ నిజాలే, కాదనలేము. కానీ ఒక నిజాన్ని దాచడానికి మనిషి ఇంకొన్ని నిజాలను అడ్డం పెట్టుకుంటే దాన్ని అబద్ధమనాలా, మరేమనాలి?

"అయితే వాడు పోతే..."

"వాడు పోతే ఈ ముక్కు పోయినట్లే. ఊరంతా తెలుస్తాది. పెద్ద ఉస్తాదు కొడుకుకు వాసన తెలీదంట, గరిటె నాకి వండుతాడంట అని."

"గరిటె నాకితే ఏమయ్యా? అందరూ..."

"మా నాయన బర్సీ నాడు ఆ మాట అనొద్దు, జైతూనూ."

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. రహంతుల్లా ఒక్కడే వచ్చాడు. హజరత్ సాయంకాలం అసర్ నమాజు అయ్యాక వస్తానన్నాడట. గడపలో అడుగు పెడుతూనే ఆగిపోయాడు. పెరటివైపు ముఖం తిప్పి ఒక్కసారి గాలి పీల్చాడు. మాడిన బెల్లం, తండ్రి ఒళ్ళో విప్పని పొట్లం, తల్లి కండ్లు. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

"ఒరేయ్, నీకు తెలిసి కూడా ఆ బడికి ఎట్ల రాసుకున్నావురా?" అంది తల్లి. కోపం కాదు, అడగకుండా ఉండలేకపోయింది.

"సీటు రాదనుకున్నా." రహంతుల్లా నేల చూశాడు. "ఒక్కసారి నా పేరు కూడా రాస్తే ఎట్లుంటాదో చూద్దామని."

"వచ్చినాది కదా."

"వస్తే ఏమి? రానని రాసేసినా."

ఇమాం హుస్సేన్ తల ఎత్తాడు. "ఎవురికి రాస్తివి?"

"బడికి. సీటు వద్దంటే కారణం రాయమని ఆ కాగితంలోనే ఉండాది. కవరు పొద్దున్నే టపా డబ్బాలో వేసినా."

"ఏం రాసినావు? దుడ్లు లేవని రాసినావా?"

"దుడ్లు లేవంటే ఫీజు తగ్గిస్తామని మళ్ళా రాస్తారు నాయనా. ఉన్నదే రాసినా. మా నాయన పెండ్లి వంటలు చేస్తాడు, జ్వరం వచ్చినప్పటినుంచి ఆయనకు వాసన తెలియదు, నేను పక్కన ల్యాకపోతే ఆయన వంట సాగదు, నా సీటు ఇంకొకరికి ఇయ్యండి అని."

ఏడాదిగా తండ్రీకొడుకుల్లో ఎవరి నోటా రాని మాట ఇంకుతో కాగితం మీదికి ఎక్కి, గమ్ముగా కవర్లో కూర్చుని, మద్రాసుకు ప్రయాణం కట్టింది. జైతూన్ బీ లేచింది.

"టపా సంచీ ఎన్ని గంటలకు పోతాది?"

"అయిదు గంటల బస్సుకు. అమ్మా, యాడికి? నేను రాను, నేను దాన్ని వాపసు తీసుకోను."

"నిన్ను రమ్మన్లేదు."

ముసుగు కప్పుకుని వీధిలో పడింది. ఒంటరిగా బజారు దాటని మనిషి ఆ సాయంత్రం బజారు నడిమధ్య నుంచి నడిచింది. ఒకటే తలంపు. కొడుకు పోవాలా వద్దా అన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు. ఏడు నూర్ల లెక్కా తేలలేదు, పంది మాంసం సంగతీ తేలలేదు. కానీ తండ్రి ముక్కు పోయిందని కొడుకు తన బతుకును కవర్లో మూసి పారేస్తే మాత్రం ఆ పాపం తమ మెడకే చుట్టుకుంటుందని తోచింది.

టపా కచేరీలో పోస్టుమాస్టరు అంజినప్ప సంచీ మూతికి దారం చుడుతున్నాడు. బల్ల పక్కన ఒకాయన మనియార్డరు ఫారం ముందు పెట్టుకుని కలం నోట్లో కొరుకుతున్నాడు. ఆమె గాబరాలో ఆయన వైపు చూడలేదు.

"అన్నా, మా పిల్లోడు మద్రాసుకు ఒక కవరు వేసినాడు. అది నాకు వాపసు కావల్ల."

అంజినప్ప కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "డబ్బాలో పడినాక అది సర్కారు సొత్తు తల్లీ. వాపసు కావల్లంటే రాసినోడు రావల్ల, లోపల ఏం రాసినాడో చెప్పల్ల, సంతకం పెట్టల్ల."

"కన్నతల్లిని కదన్నా."

"కన్నందుకు కవర్లు ఇచ్చే రూలు లేదమ్మా," అన్నాడు అంజినప్ప, బాధగానే. బయట బస్సు హారను మోగింది. "అదిగో. ఇంకా అయిదు నిమిషాలు."

"ఆ కవరు నాది."

జైతూన్ బీ తిరిగి చూసింది. గుమ్మంలో ఇమాం హుస్సేన్ రొప్పుతూ నిలబడి ఉన్నాడు. ఒక కాలికి చెప్పు లేదు.

"వాడు రాసినాడు. మాట నాది," అన్నాడు. "నాకు రాయడం రాదు కదా అంజినప్పా, వాని చేత రాయించినా."

ముప్ఫై ఏండ్ల కాపురంలో ఆయన ఎదటి మనిషి ముఖం చూస్తూ అబద్ధమాడగా ఆమె వినడం అదే మొదలు. అంజినప్ప కాసేపు ఆలోచించి, ముడి విప్పి, సంచీలో చేయి పెట్టి వెదికి, ఆ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద అరచేయి ఆనించి ఉంచాడు.

"సరే. నువ్వు పెద్దమనిషివి, నేను కాదనను. లోపల ఏముందో చెప్పు. విప్పి చూస్తా. సరిపోతే నీ వేలిముద్ర తీసుకుని ఇచ్చేస్తా."

"ఇంట్లో చెప్తా. నువ్వు ఒకసారి మా ఇంటి దాకా..."

"బస్సు నిలబడదప్పా. ఈడనే చెప్పు, మన ముగ్గురమే కదా ఉండేది."

"నలుగురం!" అని పక్క నుంచి నవ్వు వినిపించింది. మనియార్డరు ఫారం ముందున్న మనిషి ఇటు తిరిగాడు. వజ్రకరూరు బాలప్ప! "ఏమప్పా ఉస్తాదూ, కనపడినా పలకవే? ఆదివారానికి అన్నీ తయారే కదా? నీ ముక్కు సంగతి పిల్లనిచ్చే మా బీగర్లకు గంటసేపు చెప్పినా. మూత తీస్తే చాలు, ఉప్పెంతో చెప్పే మొనగాడు మా దగ్గరుండాడని. పరువు నీ చేతిలో ఉండాది. చేతిలో ఏంది, ముక్కులో!"

బస్సు రెండోసారి హారను కొట్టింది. కండక్టరు గుమ్మంలోకి వచ్చి సంచీ కోసం చేయి చాచాడు.

జైతూన్ బీ ముసుగులోంచి భర్త ముఖం చూసింది. నోరు తెరిస్తే ఆదివారం పోతుంది, దానితో పాటు ఇంకా రావలసిన ఆదివారాలన్నీ పోతాయి. తెరవకపోతే కవరు పోతుంది. ఆమె ఏదైనా సైగ చేయాలనుకుంది గాని, ఏ సైగ చేయాలో తెలియలేదు. గొంతు సవరించుకుంటే మంట తీయాలి. ఇప్పుడు తీయవలసిన మంట ఏది?

ఇమాం హుస్సేన్ ఒక్కసారి బాలప్ప వైపు చూశాడు. తర్వాత అంజినప్ప అరచేతి కింద ఉన్న కవరును చూశాడు. బిస్మిల్లా అని లోలోపల అనుకున్నట్టు పెదవులు కదిలాయి.

"దాంట్లో ఏముండాదంటే," అన్నాడు పైకి, అందరికీ వినపడేటట్టు. "మా నాయన పెండ్లి వంటలు చేస్తాడు, అని మొదలయితాది. జ్వరం వచ్చినప్పటినుంచి ఆయనకు..."

బాలప్ప నవ్వు ఆపి, చేతిలో కలం బల్ల మీద పెట్టి, పూర్తిగా ఇటు తిరిగాడు.